సిస్టర్ గారి లెక్క ఎటు పోతోంది?

మంగళగిరి కొండ మీద పానకాల స్వామి లెక్క జగమెరిగిందే. బిందెతో తెచ్చినా, చెంబుతో తెచ్చినా ఆయన పుచ్చుకునేది సగమే. అర్చకులు శంఖంతో పానకం పోస్తుంటే గుటక వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. అది ఆగిందంటే స్వామికి చాలన్నమాట. మిగతా సగం భక్తుడికి ప్రసాదం. లోపలికి ఎంత, బయటికి ఎంత అన్నది అక్కడ ఎవరూ రాసుకోరు. నమ్మకమే రిజిస్టరు.

కొండ దిగి ఊళ్లోకొస్తే అదే లెక్క ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. కాకపోతే ఇక్కడ పొల్లుపోకుండా రాయాలి. రోగి తాగిన మంచినీళ్లెన్ని, ఎక్కించిన సెలైనెంత, వచ్చిన మూత్రమెంత... మిల్లీలీటర్లలో రాసే ఆ కాగితం పేరు ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు. కిడ్నీ రోగి విషయంలో ఆ రెండు వరసల మధ్య తేడా పెరుగుతోందంటే డాక్టరుకు అది ప్రమాద ఘంటిక. ఆ ఘంటిక మోగించేది నర్సమ్మ.

ఆ ఒక్క చార్టే కాదు. జ్వరం, నాడి, శ్వాస, రక్తపోటు, ఆక్సిజన్. నాలుగు గంటలకోసారి ఈ ఐదూ చూశారనుకోండి, ఒక్క రోగికి రోజుకు 30 అంకెలు. ముప్ఫై మంచాల వార్డులో రోజుకు 900. ఏడాదికి 3 లక్షల 28 వేల 500! ఆసుపత్రిలో ఏ డాక్టరూ, ఏ గుమాస్తా రాయనన్ని అంకెలు నర్సు రాస్తుంది.

మరి అవన్నీ ఏమవుతున్నాయి? రోగి ఇంటికి వెళ్లగానే ఫైలు మూతపడుతుంది. రికార్డు రూముకు చేరుతుంది. దుమ్ము పడుతుంది. కంప్యూటర్లో ఎక్కిస్తే దుమ్ము పడదు, అంతే తేడా. ఆ అంకెలను వరసలో పెట్టి, ప్రశ్న వేసి, జవాబు రాబట్టడాన్నే నర్సింగ్‌లో 'క్వాంటిటేటివ్ రీసెర్చ్' అంటారు. పేరు బరువుగా ఉంది గానీ, పని మాత్రం మన ప్రాణాలకు సంబంధించింది.

భయపడి పారిపోతే...

నర్సింగ్ చదివే పిల్లల్ని కదిలించి చూడండి. చాలామంది ఇంటర్లో బైపీసీ తీసుకోవడానికి ఒక కారణం లెక్కలంటే భయం. 'హమ్మయ్య, వదిలింది' అనుకుని నాలుగేళ్ల బీఎస్సీలో చేరితే అక్కడ నర్సింగ్ పరిశోధన, గణాంకశాస్త్రం అంటూ ఓ పేపరు ఎదురొస్తుంది. ఎమ్మెస్సీలో చేరితే అదే పేపరు ఇంకా లోతుగా ఉంటుంది. దానికి తోడు డిసర్టేషన్, అంటే ఓ చిన్న పరిశోధన సొంతంగా చేసి పుస్తకం చేతికివ్వాలి. పీహెచ్‌డీకి వెళ్తే ఇక లెక్కలతోనే కాపురం.

సేవ చేయడానికి వచ్చినవాళ్లకు ఈ లెక్కలెందుకని పెద్దవాళ్లకూ అనిపిస్తుంది. ఆ మాటకొస్తే ఈ వృత్తికి తల్లిలాంటి మనిషి అసలు గుర్తింపే లెక్కలతో మొదలైంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అంటే మనకు చేతిలో దీపం పట్టుకున్న బొమ్మ గుర్తొస్తుంది. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రిలో అడుగుపెట్టింది. 1855 ఫిబ్రవరి నాటికి అక్కడ చేరిన సైనికుల్లో మరణాలు 42 శాతం దాకా వెళ్లాయి. మార్చిలో లండన్ నుంచి వచ్చిన పారిశుధ్య కమిషన్ మురుగుకాలువలు శుభ్రం చేయించింది, గాలి ఆడేలా చేసింది. జూన్ కల్లా మరణాలు 2 శాతానికి దిగాయి.

యుద్ధం ముగిశాక ఆమె ఊరుకోలేదు. విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి చావుల లెక్కలు ముందేసుకుంది. తేలిందేమిటంటే... తుపాకీ గుండ్ల కంటే ఆపగలిగిన జబ్బులే ఎక్కువమందిని చంపాయి! ఆ సంగతి మంత్రులకు, దొరలకు అర్థమవ్వాలని 1858లో రంగుల రేకులు విచ్చిన పువ్వులాంటి చిత్రం గీసి అచ్చు వేయించింది. ఆ ఏడాదే లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. అందులో ఓ మహిళకు చోటు దక్కడం అదే మొదలు. ఆ తరవాత ఇండియాలోని సైనిక శిబిరాలకు ప్రశ్నపత్రాలు పంపించి, వచ్చిన జవాబులను విశ్లేషించింది. ఒక్కసారి కూడా మన దేశంలో అడుగు పెట్టకుండానే ఇక్కడి మురుగు సంగతి, మంచినీటి సంగతి లెక్కగట్టింది.

అరవై మంది... ఓ థీసిస్

ఇప్పుడు మన కాలేజీల సంగతి. ఏ నర్సింగ్ కాలేజీ గ్రంథాలయంలోనైనా ఎమ్మెస్సీ డిసర్టేషన్ల బీరువా తెరవండి. పేర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. 'ఫలానా విషయంపై నిర్మాణాత్మక బోధన కార్యక్రమం వల్ల ఫలానా వారిలో పెరిగిన అవగాహన' అని. పద్ధతీ ఒకటే. అరవై మందిని కూర్చోబెడతారు. ప్రశ్నలిస్తారు. ఓ గంట పాఠం చెబుతారు. వారం ఆగి అవే ప్రశ్నలు మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. 'కార్యక్రమం ప్రభావవంతం' అని రాసేస్తారు.

పెరగక ఏమవుతాయండీ? ప్రశ్నలు ముందే చూశారు, జవాబులు విన్నారు. కానీ అసలు సంగతి... పాఠం విన్న ఆ తల్లి ఇంటికెళ్లి బిడ్డకు ఓఆర్ఎస్ సరిగా కలిపిందా? ఆ షుగర్ రోగి కాలి పుండు మానిందా? అది ఆ పుస్తకంలో ఉండదు. పిల్లల తప్పేం లేదు. ఏడాదిన్నరలో డ్యూటీలు, పరీక్షలు, థీసిస్ అన్నీ అవ్వాలంటే అంతకు మించి సాగదు. కానీ బీరువా నిండాక చూసుకుంటే వార్డులో మాత్రం ఏమీ మారి ఉండదు. పెద్ద పరిశోధన పద్ధతులు నేర్చుకోమనేది ఇందుకే.

ఓ ఉదాహరణ చూద్దాం. ఊళ్లో రక్తపోటు శిబిరం పెట్టారనుకుందాం. పై అంకె 160 దాటిన వంద మందిని ఏరి, రెండు వారాలు ప్రాణాయామం నేర్పారు. మళ్లీ కొలిస్తే సగటున పది పాయింట్లు తగ్గింది. అందరూ చప్పట్లు! 

అదిగో, అక్కడే ఉంది చిక్కు. రక్తపోటు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఎండలో నడిచొచ్చి క్యూలో నిలబడినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఆ రోజు ఎక్కువ చూపించిన వాళ్లనే ఏరుకున్నాం కాబట్టి, మళ్లీ కొలిస్తే చాలామందికి ఎలాగూ కొంత తగ్గుతుంది. ప్రాణాయామం చేసినా, ఇంట్లో పడుకుని టీవీ చూసినా! గణాంకవేత్తలు దీన్ని 'సగటు వైపు తిరోగమనం' అంటారు. మరి ప్రాణాయామం వల్ల నిజంగా ఎంత తగ్గిందో తెలిసేదెలా? ఆ వంద మందిని చీటీలు తీసి రెండు జట్లు చేయాలి. ఒక జట్టుకే నేర్పాలి. రెండు జట్లనూ కొలవాలి. రెండో జట్టులో తగ్గింది పోను, మొదటి జట్టులో మిగిలిందే ప్రాణాయామం గొప్ప.

చీటీలు తీయడం ఎందుకంటారా? మనం ఏరితే ఓపికున్న వాళ్లనూ, మాట వినేవాళ్లనూ తెలియకుండానే ఒక జట్టులో వేసేస్తాం. చీటీకి మొహమాటం లేదు.

పి విలువ అంటే...

థీసిస్‌లలో మంత్రంలా కనిపించే మరో మాట ఉంది. 'పి విలువ 0.05 కంటే తక్కువ' అని. దీని వెనక ఓ టీ కప్పు కథ ఉంది. ఇంగ్లాండులో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త దగ్గర ఒకావిడ, టీ ముందు పోశారో పాలు ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంది. ఆయన ఆ ముచ్చట ఆధారంగా 1935లో తన పుస్తకంలో ఓ పరీక్ష వివరించాడు. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా. గుడ్డిగా చెప్పినా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒక్కటి. కాబట్టి అన్నీ సరిగ్గా చెబితే అది ఊరికే తగిలిన దెబ్బ కాదని నమ్మవచ్చు. పి విలువ చెప్పేది అంతే... అసలు ప్రభావమే లేకపోయినా, ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశమెంత అని.

అది చెప్పనిది ఇంకోటుంది. తేడా ఎంత పెద్దది, దాని వల్ల రోగికి ఏం ఒరిగింది అన్నది. వేలమందిని కొలిస్తే అర పాయింటు రక్తపోటు తేడా కూడా 'గణనీయం' అయి కూర్చుంటుంది. అందుకే పి విలువ చూసి మురిసిపోవడం కాదు, 'ఎంత తేడా?' అని అడగడం నేర్పాలి.

గోదావరి పల్లెల్లో ఏం తేలింది?

ఇదంతా పుస్తకాల్లో ముచ్చట అనుకోకండి. కృష్ణ దాటి ఏలూరు మీదుగా గోదావరి జిల్లాలకు వెళ్తే నిజం ఉదాహరణలు దొరుకుతాయి. 2003-04లో ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఓ అధ్యయనం జరిగింది. పేరు ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్. ఆ ఊళ్ల జనాభా దాదాపు లక్షా 80 వేలు. ఏడాదిలో చనిపోయిన 1,354 మంది ఎందుకు పోయారో తెలుసుకోవాలి. పల్లెల్లో పోస్ట్‌మార్టం ఎక్కడ? డెత్ సర్టిఫికెట్‌లో కారణం రాసేదెవరు? కాబట్టి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు గడప గడపకూ వెళ్లారు. 'చివరి రోజుల్లో ఏమైందమ్మా? ఛాతీలో నొప్పన్నారా? మాట పడిపోయిందా?' అని ఓ పద్ధతి ప్రకారం అడిగి రాసుకున్నారు. డాక్టర్లు ఆ కాగితాలు చదివి కారణం నిర్ధారించారు.

ఏం బయటపడిందో తెలుసా? గుండె, రక్తనాళాల జబ్బులే 32 శాతం చావులకు కారణం! అంటువ్యాధుల వాటా 12 శాతం. 'పల్లెటూరు, కాయకష్టం, గుండెపోటెందుకొస్తుంది' అన్న మన ధీమాను ఆ కాగితాలు చెరిపేశాయి. గడప దగ్గర కూర్చుని ఓపికగా అడిగిన ప్రశ్నలు చేసిన పని అది.

ఆ తరవాత మరో అడుగు. గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లను ఆశా కార్యకర్తలే ట్యాబ్లెట్ కంప్యూటర్ సాయంతో గుర్తించి డాక్టరు దగ్గరికి పంపితే రక్తపోటు అదుపులోకి వస్తుందా అన్నది ప్రశ్న. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఈ ప్రయోగం చేశారు. దాని పేరు స్మార్ట్‌హెల్త్ ఇండియా.

సగం ఊళ్లకు ఇచ్చి సగం ఊళ్లకు ఎగ్గొడితే అన్యాయం కదా అని మీకు అనుమానం రావచ్చు. దానికో ఉపాయం ఉంది. డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. కాలువకు నీళ్లు తక్కువైనప్పుడు వంతుల వారీగా వదులుతారు చూడండి, అచ్చం అదే. అన్ని కేంద్రాలకూ కార్యక్రమం అందుతుంది. ముందెవరు, వెనకెవరు అన్నది మాత్రం లాటరీ తేలుస్తుంది. వంతు రానివాళ్లు అప్పటిదాకా పోలికకు పనికొస్తారు. మెట్లు మెట్లుగా సాగుతుంది కాబట్టి దీన్ని 'స్టెప్డ్ వెడ్జ్' పద్ధతి అంటారు.

2019లో ఫలితం వెలువడింది. కార్యక్రమం అందిన దశకూ, అందని దశకూ మధ్య రక్తపోటు అదుపులో ఉన్నవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు!

నిరాశ కలిగిందా? కలగకూడదు. పోలికే లేకుండా ముందూ వెనకా కొలిచి ఉంటే ఏమయ్యేది? కాలంతో పాటు వచ్చిన మార్పంతా ట్యాబ్లెట్ ఖాతాలో పడేది. రాష్ట్రమంతా కోట్లు పోసి కొనేవాళ్లం. గుర్తించడం ఒక్కటే చాలదు, మందు దొరకాలి, దొరికిన మందు రోజూ మింగాలి అన్న ఆలోచన పక్కకు పోయేది. 'లేదు' అని నిజాయితీగా తేలడం కూడా ఫలితమే. కానీ మన థీసిస్‌ల బీరువాలో 'ప్రభావం లేదు' అని ముగిసిన పుస్తకం ఎన్నింటిలో ఒకటి కనిపిస్తుంది? ఆలోచించాల్సిన సంగతే.

ఒకే తొట్టి రంగు

ఆ ప్రయోగంలో మనుషులకు కాకుండా ఆరోగ్య కేంద్రాలకు లాటరీ తీశారు, గమనించారా? ఒకే ఊళ్లో పక్కపక్క ఇళ్ల వాళ్లను వేరుచేయడం కుదరదు కాబట్టి. అయితే దాంతో మరో లెక్క మీద పడుతుంది.

మంగళగిరి నేతన్నకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ఒకే తొట్టిలో రంగు వేసిన నూలుతో పది చీరలు నేశారనుకోండి. ఆ పదింటినీ ఉతికి చూసి, 'మంగళగిరి చీరల రంగు పోదు' అని తీర్పు చెప్పేయగలమా? మనం చూసింది పది చీరలే గానీ, పరీక్షించింది ఒక్క తొట్టినే! అలాగే ఒకే వార్డులోని ఇరవై మంది రోగులకు నర్సులు వాళ్లే, డాక్టరు ఆయనే, నీళ్లూ గాలీ అవే. వాళ్లంతా కొంత ఒకేలా ఉంటారు.

ఆ పోలికను 0.05 అనే చిన్న సంఖ్యగా కొలిచారనుకుందాం. ఊరికి ఇరవై మంది చొప్పున ఇరవై ఊళ్లలో 400 మందిని చూస్తే, లెక్కలో వాళ్ల విలువ దాదాపు 205 మందితో సమానం. సగానికి సగం హరీ! ఈ సంగతి తెలియకుండా లెక్క వేస్తే లేని ధీమా వస్తుంది. దాన్ని సరిదిద్దే పద్ధతులు నేర్పడమే పై తరగతుల గణాంకం పని.

నూజివీడు అంటే మామిడే కాదు

నూజివీడు పేరు చెప్పగానే రసాలు గుర్తొస్తాయి. రసాల రోజుల్లోనే మన ఆసుపత్రులకు వడదెబ్బ కేసులూ ఎక్కువ. మామిడిపండు తింటే వడదెబ్బ తగులుతుందని ఎవరైనా అంటారా? రెండింటి వెనకా ఉన్నది ఎండ. ఇలా వెనక నక్కి ఉండే మూడో కారణాన్ని పట్టుకోవడమే పరిశోధకుడి అసలు పరీక్ష.

ఆ నూజివీడుకు ఇంకో గొప్ప కూడా ఉంది. ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు చిన్నప్పుడు చదువుకున్న ఊళ్లలో నూజివీడు ఒకటి, నందిగామ ఇంకోటి. 1920లో పుట్టిన ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. 1945లో, పాతికేళ్ల ప్రాయంలో ఓ వ్యాసం రాశారు. చేతిలో ఉన్న సమాచారం నుంచి వేసే అంచనా, అది ఓ పక్కకు ఒరగనిదైతే, ఎంత గొప్ప పద్ధతి వాడినా ఓ హద్దు దాటి కచ్చితం కాలేదని నిరూపించారు. దాన్నే ఇప్పుడు క్రామర్-రావు హద్దు అంటారు. 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ దక్కింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన చెప్పిన నీతిని నర్సింగ్ విద్యార్థిని ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. పిండి కొద్దీ రొట్టె. లాటరీ పద్ధతిలో ఏరిన 60 మందిలో సగం మందికి ఓ లక్షణం ఉందని తేలితే, అసలు శాతం అటూ ఇటూ 13 దాకా మారొచ్చు. ఆ తప్పును సగానికి తగ్గించాలంటే రెట్టింపు మంది చాలరు, నాలుగింతలు కావాలి. 240 మంది! ఒక్క విద్యార్థినికి అది భారమే. నాలుగు కాలేజీల పిల్లలు కలిసి ఒకే ప్రశ్న తీసుకుంటే? నలుగురి థీసిస్‌లు కలిసి ఒక్క గట్టి జవాబవుతాయి. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం గొడుగు కింద ఇన్ని కాలేజీలు ఉన్న మన ప్రాంతంలో ఇది సాధ్యం కాని పనేమీ కాదు.

ఒక నర్సు... ఎంతమంది రోగులు?

ఇంతకీ ఈ లెక్కలతో నర్సులు ఏం సాధించారు? 2002లో అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు, పరిశోధకురాలు, తన బృందంతో కలిసి పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల వివరాలు తీసుకుంది. ఆపరేషన్ చేయించుకున్న 2 లక్షల 32 వేల మందికి పైగా రోగులు. పది వేలకు పైగా నర్సులు. ప్రశ్న ఒక్కటే. నర్సు మీద భారం పెరిగితే రోగికి ఏమవుతుంది?

ఇక్కడా ఆ మామిడిపండు చిక్కు ఉంది. పెద్దాసుపత్రికి ముదిరిన కేసులు వస్తాయి, మరణాలు ఎక్కువే ఉంటాయి. అది నర్సుల కొరత వల్లనని ఎలా చెప్పగలం? అందుకే రోగి వయసు, జబ్బు తీవ్రత, ఆసుపత్రి స్థాయి వంటివన్నీ లెక్కలోకి తీసుకుని, వాటి ప్రభావం పోనిచ్చి చూశారు. లాజిస్టిక్ రిగ్రెషన్ అనే పద్ధతి చేసే పని ఇదే. ఫలితం... ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, ఆ రోగుల్లో నెల లోపల మరణించే ముప్పు 7 శాతం చొప్పున పెరుగుతోంది. నలుగురికి ఒకరున్న చోటికీ, ఎనిమిది మందికి ఒకరున్న చోటికీ పోలిస్తే 31 శాతం! 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో 4 లక్షల 22 వేల మందికి పైగా రోగుల వివరాలు చూసినా దాదాపు ఇదే తేలింది.

'సరే, కానీ చట్టం చేసి నర్సుల్ని పెంచితే నిజంగా తగ్గుతుందా?' అని గిట్టనివాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో చట్టం తెచ్చింది. పగటిపూట నలుగురికి ఒకరు, రాత్రిపూట ఏడుగురికి ఒకరు నర్సు ఉండాలని. అది వర్తించిన 27 ఆసుపత్రుల్ని, వర్తించని 28 ఆసుపత్రుల్ని చట్టానికి ముందూ తరవాతా పోల్చారు. రెండు జట్ల మార్పుల మధ్య తేడానే చూశారు, మన ప్రాణాయామం లెక్కలాగే. చట్టం వచ్చిన చోట మరణాలు, తిరిగి చేరాల్సి రావడం, మంచం మీద ఉండే రోజులు... మూడింటిలోనూ మెరుగు కనిపించింది. కొత్త నర్సులకు అయిన ఖర్చు కంటే ఆదా అయిన సొమ్ము రెట్టింపు దాటింది. 2021లో ఈ వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

వినతిపత్రాలు, ధర్నాలు ఏళ్ల తరబడి సాధించలేనిది లెక్క సాధించింది. ఎందుకంటే ఆర్థిక శాఖకు అర్థమయ్యే భాష అదొక్కటే!

చదివేటప్పుడు అడగండి

'పరిశోధనలో తేలింది' అంటూ పత్రికల్లో, టీవీల్లో రోజుకో వార్త వస్తుంటుంది. నమ్మేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో నర్సింగ్ చదివే అమ్మాయి ఉంటే తననూ అడగండి.

* దేనితో పోల్చారు? పోలిక లేని గొప్పతనం సగం అబద్ధం.
* ఎంతమందిని చూశారు, ఎలా ఏరారు? దొరికినవాళ్లను పట్టుకొచ్చారా, లాటరీ తీశారా?
* మధ్యలో మానేసిన వాళ్లెంతమంది? వంద మందితో మొదలై యాభై మందితో ముగిస్తే ఆ మిగతా యాభై మందికి ఏమైంది? జబ్బు ముదిరినవాళ్లే రాలేదేమో!
* తేడా ఎంత? అది రోగికి తెలిసేంతదా, కాగితం మీద మాత్రమే ఉందా?

ఇంకో మాట. ఆసుపత్రిలో ఎవరైనా వచ్చి 'మా పరిశోధనలో పాల్గొంటారా' అని అడిగితే భయపడక్కర్లేదు. తలూపేయనూ అక్కర్లేదు. దీనికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి. ఏం చేస్తారో తెలుగులో వివరంగా చెప్పమనండి. ఇష్టం లేకపోతే మధ్యలో తప్పుకునే హక్కు మీకుంది. తప్పుకున్నా వైద్యం ఆగకూడదు. మందులు, చికిత్సల ప్రయోగాలైతే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి.

మన ఊరి నుంచే...

మంగళగిరి ఇప్పుడు చేనేతకే కాదు, వైద్యానికీ చిరునామా. ఎయిమ్స్‌కు 2015 డిసెంబరులో పునాదిరాయి పడింది. 2018లో తొలి ఎంబీబీఎస్ బ్యాచ్ తరగతులు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైంది. గుంటూరు, కృష్ణా, పల్నాడు, ప్రకాశం నుంచి రోగులు ఇక్కడి దారి పడుతున్నారు. అంతమంది రోగులు, అన్ని చార్టులు ఉన్నచోట ప్రశ్నలకు కరవేముంది? పడక పుండ్లు ఏ షిఫ్టులో మొదలవుతున్నాయి? సిజేరియన్ అయిన తల్లి కుట్టు ఎవరికి చీము పడుతోంది? డయాలసిస్ మానేసి వెళ్లిపోతున్నది ఎవరు, బస్సు చార్జీ లేకనా? ఇవి డాక్టరుకు తట్టే ప్రశ్నలు కావు. మంచం పక్కన ఎనిమిది గంటలు నిలబడే మనిషికి తట్టే ప్రశ్నలు.

మన దేశంలో బోధనాసుపత్రుల సాధారణ వార్డులకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పే ప్రమాణం ముగ్గురు రోగులకు ఒక నర్సు. అది కాగితం మీది మాట. ఏ రాత్రి ఏ వార్డులో ఎంతమందికి ఒకరున్నారో, ఆ రాత్రి ఏ రోగికి ఏమైందో కలిపి లెక్క తీస్తే తప్ప ఆ కాగితం కదలదు. ఆ లెక్క తీయగలిగింది నర్సులే. తీయడానికి కావలసిన చదువు వాళ్ల సిలబస్‌లోనే ఉంది. కావలసినదల్లా దాన్ని పాసు మార్కుల కోసం కాక, పని కోసం నేర్చుకోనివ్వడం. అందుకు వారానికి నాలుగు గంటలైనా డ్యూటీ నుంచి విడుపు ఇవ్వడం.

రాత్రి రెండు గంటలకు 'సిస్టరూ, మా నాన్నగారికి ఆయాసం ఎక్కువైందండీ' అని మీరు పరుగెత్తుకెళ్తే, 'వస్తున్నానండీ, ఈ పదమూడో బెడ్డు చూసి' అని జవాబొస్తుంది. ఆమెను కసురుకోబోయే ముందు ఓసారి వార్డులో మంచాలు లెక్కపెట్టండి.